ఇల్లంటే లాగేశారు

ఫోర్క్‌లిఫ్ట్ ఎత్తగలిగేది ఏదైనా సరే, అది ఇల్లు కాదట. సరుకట. ఈ మాట నా మొహం మీదే అన్నాడు ఒక పెద్దమనిషి, తలకి పసుపు హెల్మెట్ పెట్టుకుని, చూయింగ్ గమ్ నములుతూ. అది గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. రాస్తే తగ్గుతుందేమోనని రాస్తున్నాను. తగ్గదని కూడా తెలుసు.

ముందు మా పని సంగతి చెప్పాలి. మాది మలాయి దేశంలో, సుంగై సిపుట్ అనే ఊళ్ళో లారీ డెలివరీ. ఉన్నది ఒక్క లారీ, దాని వెనక వేలాడే ఒక్క ఫోర్క్‌లిఫ్ట్. ఫోర్క్‌లిఫ్ట్ అంటే చాలామంది గోడౌన్‌లో తిరిగేదే అనుకుంటారు. మాది లారీ తోకకి తగులుకుని ఊళ్ళు తిరుగుతుంది. వెళ్ళిన చోట మా ఆయన దాన్ని కిందికి దించి, సీటులో కూర్చుని, లారీ మీది ఇటుకలో టైల్సో సిమెంటు బస్తాలో తీసి కస్టమర్ చూపించిన చోట పెడతారు. పని అయ్యాక అది తన రెండు కొమ్ముల్నీ లారీ వెనకనున్న కన్నాల్లో దూర్చి, తనని తానే పైకి ఎత్తుకుని వేలాడుతుంది. ఆ వింత చూడటానికి ఎక్కడికెళ్ళినా నలుగురు మూగుతారు. కొత్తలో నేనూ నోరు తెరుచుకునే చూశాను.

ఆ బండికి నేను కెలిందన్‌ని. లారీలో డ్రైవరు పక్కన కూర్చుని, దిగి, ముందూ వెనకా చూసి సైగ చేసే మనిషిని ఇక్కడ అలా అంటారు. "మగ కెలిందన్ దొరకలేదా?" అని మా ఆయన్ని నా ముందే అడిగిన కస్టమర్లున్నారు. దొరికాడండీ. ఒక చేత్తో ఫోన్ చూసుకుంటూ రెండో చేత్తో సైగ చేసి, టైల్స్ పేర్చిన చెక్క పాలెట్ మొత్తం తీసుకెళ్ళి కాలవలో దించించాడు. ఆ మర్నాటి నుంచి నేనే లారీ ఎక్కాను.

ఈ కస్టమర్లతో నాకున్న కోపం ఇంకొకటి. బండి బరువు ఎత్తుతుంది కాబట్టి గాల్లో కూడా ఎగురుతుందని వాళ్ళ నమ్మకం. "ఇంకొంచెం లోపలికి పెట్టు లా" అంటారు, ఇక్కడ అందరూ మాట చివర తగిలించే ఆ లా తగిలించి. ఆ ఇంకొంచెంలో వాళ్ళ పూలకుండీలుంటాయి, పక్కింటివాళ్ళ కంచె ఉంటుంది, నిన్నటి వానకి నానిన పచ్చిక ఉంటుంది. వద్దంటే మేం బద్ధకస్తులం. విని చక్రం దిగబడితే మేం చేతకానివాళ్ళం.

ఇక భాష సంగతి. మా ఆయనది తెలుగూ తమిళమూ కలిసిన కుటుంబం, ఇంట్లో తమిళమే. మా వాళ్ళు రబ్బరు తోటలో కూలీలు, అక్కడ తెలుగే. నేను చదవడం రాయడం పక్క పట్నం ఇపోలో గుడి వెనక గదిలో ఆదివారం క్లాసులకి వెళ్ళి నేర్చుకున్నాను. పెళ్ళయ్యాక ఆయన ఇటు కొంత, నేను అటు కొంత జరిగాం. వంట గురించి తెలుగులో మాట్లాడుకుంటాం, పిల్లల చదువుల గురించి తమిళంలో. పోట్లాట రెండింటిలోనూ సాగుతుంది. పని మాత్రం తమిళమే. ఇంజిన్ హోరులో, చెవులకి మఫ్‌లు పెట్టుకున్న మనిషికి పొడుగు మాటలు వినబడవు. అందుకని పొట్టి మాటలు పెట్టుకున్నాం. ఎత్తాలంటే తూక్కు, దించాలంటే ఎరక్కు, ఆగాలంటే ఇరు, లాగాలంటే ఇళు. ఆ చివరి మాటే మా పిన్ని కొంప ముంచింది.

పిన్ని మా అమ్మ చెల్లెలు. తోట లైన్లోనే, అంటే కూలీల ఇళ్ళ వరసలోనే పుట్టింది, ఆ లైన్లోనే కాపరం చేసింది, తెల్లారకుండా లేచి రబ్బరు చెట్లు గీసి పాలు పట్టింది. పిల్లలు లేరు, చిన్నాన్న పోయాడు. ఒక గాలివానకి ఆవిడ ఉంటున్న పాత లైనింటి కప్పు ఎగిరిపోయింది. తోటవాళ్ళు వచ్చి చూసి, తల ఊపి వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. పిన్ని ఎదురుచూసి ఎదురుచూసి, ఇపో దగ్గర ఫ్యాక్టరీలో తయారుచేసే క్యాబిన్ ఇల్లు ఒకటి కొనుక్కుంది. గోడలు, కిటికీలు, కరెంటు వైర్లు అన్నీ అక్కడే బిగించి, నిలువునా ఇల్లు ఇల్లంతా లారీ ఎక్కించేస్తారు. అడుగున ఇనుప చట్రం, ఫోర్క్ దూర్చడానికి దానికి రెండు కన్నాలు. దాన్ని తెచ్చి, పాత ఇంటి పునాది దగ్గర సిమెంటు దిమ్మల మీద దించింది మేమే. నేను "ఎరక్కు, ఎరక్కు" అంటూంటే పిన్ని పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంది.

తర్వాత ఆవిడ దానికి రేకుల వసారా వేయించింది. మెట్టు పక్కన కరివేపాకు పాతింది. గుమ్మంలో రోజూ ముగ్గేసింది. ఒకటే గది, అందులోనే ఒక మూల పొయ్యి, ఒక మూల దేవుడు, ఒక మూల మంచం. నాలుగో మూల నేను వెళ్తే కూర్చోవడానికట.

కొన్నాళ్ళకి తోట అమ్ముడైపోయింది. కొన్న కంపెనీ అక్కడ ఇళ్ళ వరసలు కడుతుందన్నారు. లైన్లలో ఇళ్ళున్నవాళ్ళకి పెద్ద రోడ్డు పక్కన తలా ఒక చిన్న జాగా ఇస్తామన్నారు. చూయింగ్ గమ్ పెద్దమనిషి ఆ కంపెనీ సూపర్‌వైజరే. తనే పిన్నిని వెంటబెట్టుకుని వెళ్ళి, ఎర్ర రిబ్బన్ కట్టిన కర్ర పాతి, ఇదిగో ఆంటీ నీ జాగా అని చూపించాడు. పిన్ని ఆ సాయంత్రమే అక్కడ పసుపునీళ్ళు చల్లి వచ్చింది. వచ్చి నాకు ఫోన్ చేసింది.

"అమ్మీ, మీ ఫోర్కు అట్టుకుని రాండి. నా ఇల్లు నానే అట్టుకెలిపోతాను. ఆళ్ళకి ఇరగ్గొట్టీ పని కూడా నేదు" అంది. ఎదుటివాళ్ళకి ఒక పని తగ్గించానన్న సంతోషం ఆ గొంతులో.

అదే ఆవిడ చేసిన నేరమని తర్వాత తెలిసింది.

మేం వెళ్ళిన పొద్దున, ఇల్లు ఖాళీ చెయ్యమని పిన్నికి ఎంత చెప్పినా వినలేదు. "కాళీ ఇల్లు కదపకూడదమ్మీ. బియ్యం డబ్బా ఉండాల, ఉప్పు జాడీ ఉండాల" అంది. పెళుసు సామాన్లకి పాత చీరలు చుట్టింది. బియ్యం డబ్బా నిండా పోసి, దేవుడి ముందు పెట్టింది. బరువు సంగతి నేను మాట్లాడబోతే మా ఆయనే ఊరుకోమన్నారు.

ఇంటి ముందు నేల వానలకి నాని మెత్తగా ఉంది. ఫోర్క్ అక్కడికి వస్తే చక్రం దిగిపోతుంది. అందుకని బండిని గట్టిగా ఉన్న ఎర్రమట్టి రోడ్డు మీదే నిలబెట్టి, ఇంటి చట్రానికి పెద్ద బెల్టు కట్టి, ముందు రోడ్డు దాకా మెల్లగా లాగుదాం, అప్పుడు ఎత్తుదాం అనుకున్నాం. దిమ్మల ముందు జారడానికి పలకలు పరవాలి. అది నా పని. మా ఆయన బెల్టు కట్టి, సీటెక్కి, ఇంజిన్ వేసి, చెవులకి మఫ్‌లు పెట్టుకుని నావైపు చూశారు. చెయ్యెత్తి "ఇరు" అన్నాను.

నేను పలకలు తీసుకోవడానికి లారీ దగ్గరికి వెళ్ళానో లేదో, సూపర్‌వైజర్ పికప్‌లో దిగాడు. వాడూ మనవాడే. వాడి నాయనమ్మ పిన్ని వాళ్ళ పక్క లైన్లోనే ఉండేది. చిన్నప్పుడు ఉగాదికి గుడిలో పులిహోర కోసం నా ముందు నిలబడ్డవాడే. కానీ హెల్మెట్ పెట్టుకున్నాక మాతో మలాయే మాట్లాడతాడు. తెలుగు మాట్లాడితే ఎక్కడ చుట్టరికం అంటుకుంటుందోనని భయం కాబోలు.

ఇంటి చుట్టూ తిరిగాడు. వంగి అడుగున కన్నాలు చూశాడు. దీన్ని ఎత్తి తీసుకెళ్ళగలరా అని అడిగాడు. ఎత్తలేకపోతే ఎందుకొచ్చాం అన్నాను నేను, గొప్పగా. మా బండి శక్తి గురించి ఎవరడిగినా నాకలా గొప్పగా చెప్పడం అలవాటు.

"అయితే ఇది రుమా కాదు, బారాంగ్" అన్నాడు. రుమా అంటే ఇల్లు, బారాంగ్ అంటే సరుకు. జాగా ఇచ్చేది కంపెనీ పడగొట్టే ఇళ్ళకట. తన సరుకు తను లారీలో వేసుకుపోయేవాళ్ళకి జాగా ఎందుకిస్తామన్నాడు. మరి రిబ్బన్ కట్టిన కర్ర ఎవరు పాతారయ్యా అంటే, అప్పుడు ఇది ఎత్తితే లేస్తుందని నాకు తెలియదు లా, అన్నాడు.

పిన్నికి మలాయి బాగానే వచ్చు. కానీ కోపమొస్తే తెలుగు తప్ప ఇంకేదీ రాదు.

"సరుకేటి బాబూ? నాను దీన్లో వొండుకుంతన్నాను, దీన్లో తొంగుంతన్నాను. జొరమొస్తే దీన్లోనే మూలిగినాను. సరుకులో మనిసి మూలుగుతాదేటి?"

వాడు ఫోన్ చూసుకుంటున్నాడు. ఆవిడ వెళ్ళి గోడ మీద అరచేత్తో గట్టిగా చరిచింది.

"ఇల్లు! ఇది ఇల్లు! ఇల్లు!"

నేను లారీ అవతల పలకలతో ఉన్నాను. మా ఆయనకి నేను కనబడటం లేదు. ఇంజిన్ హోరు, చెవులకి మఫ్‌లు, ఆ రెండింటిలోంచి ఒక ఆడగొంతు అరుపూ, గోడ మీద చెయ్యి చరిచిన చప్పుడూ ఆయనకి చేరాయి. ఆ గొంతు నాదనుకున్నారు. ఆ మాట ఇళు అనుకున్నారు. ఇళు, ఇళు అని అంత గట్టిగా నేనెప్పుడూ అరవను కాబట్టి, ఏదో తొందర ఉందనుకున్నారు. లాగేశారు.

ఇల్లు దిమ్మల మీంచి జారి, ఒక మూల బురదలో దిగబడి ఒరిగిపోయింది. లోపల స్టీలు గిన్నెలు పడుతూనే ఉన్నాయి, ఎంతకీ ఆగవు. వసారా రేకులు విరుచుకుని కరివేపాకు చెట్టు మీద పడ్డాయి. తలుపు దానంతటదే తెరుచుకుంది. బియ్యం డబ్బా దొర్లి వచ్చి, గుమ్మంలో ముగ్గు మీదా మెట్టు మీదా బురదలోనూ బియ్యం పోసేసింది. పిన్ని చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

సూపర్‌వైజర్ ఆ పాటికే ఫోన్ ఎత్తి ఫొటో తీసేశాడు. బిగుసుకున్న బెల్టు, దాని వెనక కదిలిన ఇల్లు, రెండూ పడేటట్టు.

"చూడు, నడుస్తోంది. రుమా ఎక్కడైనా నడుస్తుందా లా?" అన్నాడు మలాయిలో. తర్వాత నవ్వు ఆపుకోలేక, ఆ రోజు మొట్టమొదటిసారి తెలుగు మాట్లాడాడు.

"ఇల్లంటే ఇళు అనుకున్నాడు ఆంటీ, మీ అల్లుడు!"

నా ఒళ్ళు భగ్గున మండింది అక్కడే. ఆ గొడవలో పిన్ని మాట సరిగ్గా అర్థమైనవాడు వాడొక్కడే. తెలుగు తెలుసు, తమిళం తెలుసు, ఏ మాట ఏ మాటగా వినబడిందో కూడా తెలుసు. అంతా తెలిసి ఫొటో తీశాడు. తెలియనివాడు చేసిన అన్యాయాన్ని ఎలాగో ఓర్చుకుంటాం. మన మాట అర్థమయ్యీ నవ్వినవాణ్ణి ఏం చెయ్యాలి?

మా ఆయన మఫ్‌లు తీసి, దిగి, ఒరిగిన ఇంటినీ నా చేతుల్లో పలకల్నీ చూసి తెల్లబోయారు. "నీదానే సొన్నె?" అన్నారు. నువ్వేగా చెప్పావు అని. ఆయన మీద నాకు కోపం రాలేదంటే అబద్ధం. రెండు భాషల్లోనూ నోరు తెరిచాను. పిన్ని నా జబ్బ పట్టుకుంది.

"ఆ బాబునేటీ అనకమ్మీ. ఇనబడిందే సేసినాడు. ఆడు సూడు, ఇనబడ్డా సెయ్యనేదు."

ఆవిడ బియ్యం ఏరుకోవడానికి వంగింది. నేను సూపర్‌వైజర్ వెనక నడిచాను.

వాడి ఆఫీసు అక్కడికి దగ్గరే. తెల్లటి క్యాబిన్, కిటికీకి ఏసీ, తలుపు మీద పెజాబత్ అని బోర్డు. పెజాబత్ అంటే ఆఫీసు. ఆ క్యాబిన్ పిన్ని ఇల్లు తయారైన ఫ్యాక్టరీలోదే. దాన్ని తెచ్చి అక్కడ దించింది కూడా ఇదే ఫోర్క్, ఇదే డ్రైవరు, ఇదే కెలిందన్. వాడు లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చోగానే గుమ్మంలో నిలబడ్డాను.

"నీకు తెలుగొచ్చని ఇప్పుడే తెలిసింది కాబట్టి తెలుగులోనే అడుగుతన్నాను. ఈ డబ్బాని కూడా మా ఫోర్కే ఎత్తింది. నాను సెయ్యి ఊపితే దిగింది. ఇది ఆపీసెలాగైనాది? నువ్వు సరుకులో కూకుని, మా పిన్నిది ఇల్లు కాదని సెప్తన్నావేటి?"

వాడు కొంచెం ఆలోచించాడు, పాపం.

"అది వేరే, ఇది వేరే అక్కా. దీనికి బోర్డుంది కదా లా."

బోర్డుంటే ఆఫీసు అయిపోతుందట. పొయ్యి ఉన్నా, దేవుడున్నా, ఒక మనిషి ఉన్నా ఇల్లు మాత్రం అవదట. ఇంత తెలివి ఆ హెల్మెట్ కింద ఎలా ఇమిడిందో నాకు తెలియదు. కడిగి పారేశాను. గుర్తున్న తిట్లన్నీ తిట్టాను, చిన్నప్పుడు లైన్లో విని అర్థం తెలియకుండా దాచుకున్నవి కూడా. ఏసీ చల్లగా వస్తూనే ఉంది.

ఇపోలో కంపెనీ పెద్దాఫీసుకి కూడా వెళ్ళాం. అక్కడి అమ్మాయి మమ్మల్ని కూర్చోబెట్టి, పిప్పరమెంట్లు పెట్టి, అదే మాట మెత్తగా చెప్పింది. మేం వెళ్ళేసరికే ఫొటో అక్కడికి చేరింది. గుడి కమిటీవాళ్ళకి చెబితే అయ్యో అన్నారు. అని, వచ్చే ఫంక్షన్‌కి కుర్చీలూ బల్లలూ మా ఫోర్క్‌తో తెప్పించవచ్చా అని అడిగారు. నేను లేచి వచ్చేశాను. మా ఆయన ఒప్పుకున్నారు. అదొక పోట్లాట.

పిన్ని ఇంటిని, మేం లారీ నిలిపి సరుకు పేర్చుకునే యార్డుకి తెచ్చుకున్నాం. ఇటుకల వరసలకీ ఖాళీ పాలెట్లకీ మధ్య దించాం. ఈసారి అరుపులేవీ లేవు, ఒట్టి చేతి సైగలే. బురదలో ఏరిన బియ్యాన్ని పిన్ని ఎన్నిసార్లు కడిగిందో. ఆ సాయంత్రం ఆ ఇంట్లోనే వండి మా ఇద్దరికీ పెట్టింది. పంటి కింద ఇసుక తగిలింది. అయినా ముద్ద వదలకుండా తిన్నాం.

అప్పటినుంచి ఆవిడ అక్కడే ఉంది. మేం బాగానే చూసుకుంటాం, కానీ అది ఆవిడ జాగా కాదు. పొద్దున్నే గుమ్మంలో ముగ్గేస్తుంది, పదింటికల్లా దాని మీంచి లారీ పోతుంది. ఇటుకలకొచ్చిన కస్టమర్లు ఇంటి గోడ తట్టి చూసి, ఈ క్యాబిన్ అమ్మకానికేనా అని అడుగుతారు. పిన్ని కిటికీలోంచి తల బయటపెట్టి "ఇల్లు" అంటుంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పదు. రిబ్బన్ కట్టిన జాగాలో ఇప్పుడు కొత్త ఇళ్ళ అమ్మకాల బోర్డు నిలబెట్టారు. అందులో ఒక కుటుంబం నవ్వుతూ ఉంటుంది. నేను ఆ రోడ్డున వెళ్ళాల్సి వస్తే అటు చూడను.

మా ఆయన మాత్రం మారిపోయారు. ఆ రోజు తర్వాత ఆయన ఏ మాటనీ నమ్మరు. ఎంత అరిచినా కదలరు. నేను కనబడాలి, పైకెత్తిన నా చెయ్యి కిందికి దిగాలి, అప్పుడే కదులుతారు.

మరుసటేడు కొత్త ఇళ్ళు పూర్తయ్యాయి. సైటు ఆఫీసు తీసెయ్యాలి, ఫోర్క్ తీసుకురండి అని అదే సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు, ఏమీ జరగనట్టు. వెళ్ళొద్దన్నారు మా ఆయన. నేనూ వద్దనే అన్నాను. పిన్ని మాత్రం చెప్పులేసుకుని వచ్చి లారీలో నా పక్కన ఎక్కి కూర్చుంది.

"నడవండి" అంది.

అక్కడ నేల మళ్ళీ నానే ఉంది. మళ్ళీ బెల్టు కట్టాల్సి వచ్చింది. మా ఆయన సీటెక్కి మఫ్‌లు పెట్టుకున్నారు. నేను పలకలు పరిచి, లోపల మనిషెవరూ లేరని తలుపు తీసి చూశాను. బల్ల మీద సగం తాగిన టీ కప్పు, వాడి హెల్మెట్, ఇంకా చాలా సామానుంది. వాడు బయట ఫోన్ మాట్లాడుతూ, నావైపు తిరిగి చెయ్యి ఊపాడు.

"కొంచెం ఆగండక్కా, ఆఫీసు ఇంకా ఖాళీ చెయ్యలేదు" అన్నాడు, తెలుగులో.

నేను చెయ్యి పైకెత్తి పట్టుకున్నాను. ఇరు. పిన్ని మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి, పెజాబత్ అన్న బోర్డు పక్కన గోడ మీద అరచేత్తో గట్టిగా చరిచి, "ఇళు!" అని అరిచి, పక్కకి తప్పుకుంది.

మా ఆయన కదల్లేదు. మఫ్‌లు ఒక చెవి మీంచి తొలగించి, పిన్నిని చూశారు, నన్ను చూశారు.

"ఏటత్తే? ఇల్లా, ఇళా?"

"ఇల్లు కాదు బాబూ, సరుకే" అంది పిన్ని. "ఇళు."

ఆయన మఫ్‌లు సరిచేసుకుని నా చేతివైపు చూశారు. నేను చెయ్యి దించేశాను.